పన్నెండు మాత్రలు

హైదరాబాదు,
3 జులై 2024

మావయ్యా,

నమస్కారం పెట్టి మొదలుపెడదామనుకున్నాను గానీ చెయ్యి రావడం లేదు. నిన్న రెండుసార్లు ఫోన్ పెట్టేశావు. మూడోసారి అత్తకిచ్చి, "తానానికెల్లాడని సెప్పు" అన్నావు. అది కూడా నాకు వినపడింది. పోనీ వాట్సాప్‌లో రాద్దామంటే, గణేష్ నీకు చదివి వినిపించేటప్పుడు తిట్లన్నీ తీసేసి చదువుతున్నాడు. కన్నకొడుకు కదా, జాలి. అందుకే కాగితం మీద రాసి స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. నువ్వు ఏడో తరగతి దాకా చదివావు, తిట్లు చదువుకోడానికి అది చాలు.

వేట నిషేధం అయిపోయి సముద్రంలోకి వెళ్ళిన మొదటి రోజే నీ కుడికాల్లో జెల్ల చేప ముల్లు దిగిందట. పుండై చీము పట్టిందట. పలాసలో డాక్టరు పది రోజులకి ఇరవై మాత్రలు రాశాడట. నువ్వు నాలుగు రోజులు మింగి, నొప్పి తగ్గగానే మిగిలిన పన్నెండూ పడవ మీదివాళ్ళకి పంచేశావట! పవన్‌కి పన్నునొప్పి, రెండు. ఒకడికి జ్వరం, మూడు. ఇంకొకడికి కడుపునొప్పి. చేపలు వాటాలేసినట్టు మాత్రలు వాటాలేస్తారా ఎవరైనా? గణేష్ చెప్తుంటే ఇక్కడ ల్యాబులో నా పక్కనున్నవాళ్ళు నవ్వారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

"నువ్వక్కడ సేత్తన్న పనేటి, పురుగుల్ని పెంచడవేనా?" అని అడిగావు కదా. చెప్తాను. నీలాంటివాళ్ళ పుండ్లలో చీము పట్టించే ఒక సూక్ష్మజీవిని మేము పెంచుతాం, దాని ఒంట్లో దాదాపు ఆరువేల జీన్లుంటాయి. ఒక్కో పని ఎలా చెయ్యాలో దానికి చెప్పేది ఒక్కో జీను. చాలావాటిని తీసేసినా అది బతికేస్తుంది. ఓ మూడు నాలుగు వందలు మాత్రం, ఏ ఒక్కటి తీసినా చస్తుంది. అవేవో పట్టుకోవడమే మా పని.

ఎలాగంటావా? లక్ష పడవలు తీసుకో. ఏ పడవలో ఏది పాడుచేస్తున్నావో చూసుకోకుండా ఒక్కోదాంట్లో ఒక్కో వస్తువు పాడుచెయ్యి. అన్నిటినీ సముద్రంలోకి తోలు. తిరిగొచ్చినవాటిని చూడు. జెండా విరిగినవి వచ్చాయి, ఐసుపెట్టె పగిలినవి వచ్చాయి. అడుగున చిల్లు పడ్డది ఒక్కటీ రాలేదు. అంటే పడవకి ప్రాణం ఎక్కడుందో తెలిసినట్టేగా. సూక్ష్మజీవులతో మేము చేసేది అదే. ఆ మూడు నాలుగు వందల్లోంచి మన ఒంట్లో కూడా ఉన్నవాటిని పక్కన పెట్టేస్తాం, లేకపోతే మందు దాంతోపాటు మననీ చంపుతుంది. అలా ఏరగా ఏరగా అయిదేళ్ళకి నా చేతిలో పదకొండు మిగిలాయి.

ఇక్కడ ఒక్కోదాని కోసం మేము కళ్ళు పోగొట్టుకుంటుంటే, అక్కడ నువ్వు ఉన్న మందుని పన్నునొప్పికి పంచుతున్నావు. మళ్ళీ డాక్టరు దగ్గరికెళ్ళి మాత్రలు పూర్తిగా రాయించుకో. పూర్తిగా అంటే పూర్తిగా.

కోపంతో,
ఇందు

*

వజ్రపుకొత్తూరు మండలం,
12 జులై 2024

ఇందూకి,

నీ మావయ్య దాలయ్యని. స్నానం ఇప్పటికి అయింది, వచ్చి రాస్తున్నాను.

కాలు బాగుంది. పుండు పైకి మూసుకుపోయింది. నాలుగు రోజులై వేటకి వెళ్తున్నాను. నీ ఉత్తరం మీ అత్త చేత కూడా చదివించాను. "ఇంత తిట్టిందంటే పేమే గదా" అంది. ఆవిడ అలాగే అంటుంది.

మాత్రల సంగతి. నువ్వు ఈ ఊళ్ళో పుట్టలేదా? ఇక్కడ ఒకడు ధైర్యం చేసి డాక్టరు దగ్గరికి వెళ్ళాడంటే ఊరందరి తరఫునా వెళ్ళినట్టే. వాడి మందు పదిమందికి సర్దాలి. ఎందుకో నీకు నేను చెప్పాలా? మన ఊళ్ళో ఇంటికొకరికి కిడ్నీ జబ్బే. మీ నాన్న తలనొప్పని వెళ్ళాడు. రక్తం తీశారు, ఒకటి చుట్టూ ఉండాల్సిన కిడ్నీ నెంబరు తొమ్మిది అన్నారు. అంతకుముందు రోజు దాకా వల లాగిన మనిషి, ఆ నెంబరు విన్నాక మంచం దిగలేదు. ఎనిమిది నెలలకి పోయాడు. అప్పటినుంచీ మనవాళ్ళెవరూ రక్తం తీసే చోటికి కాలు పెట్టరు. కాలు విరిగి వెళ్ళినా రక్తమే తీస్తారు, నెంబరే చెప్తారు. పలాసలో నేను వెళ్ళిన ఆయన రక్తం తీయడు, అందుకే ఆయన దగ్గరికి వెళ్ళాను. ఆయన కూడా ఈ మధ్య పరీక్ష చేయించుకు రమ్మంటున్నాడని విన్నాను. ఇంక మళ్ళీ ఎలా వెళ్ళమంటావు?

నీ పడవల లెక్క చదివాను. లక్ష పడవలు పాడుచేస్తానంటే మన రేవులో నిన్ను నిలబడనివ్వరు, ఆ మాట బయట అనకు. ఇంకోటి. లంగరు లేని పడవ కూడా తిరిగొస్తుంది, నువ్వు తోలిన రోజు సముద్రం చెరువులా ఉంటే. గాలివాన రోజు తోలి చూడు. లంగరు ప్రాణమో కాదో అప్పుడు తెలుస్తుంది. మీ చదువుకున్నవాళ్ళు ఒడ్డున నిలబడి లెక్కలేస్తారు.

అయినా సంతోషం. పదకొండు మందులు కనిపెట్టావు. చేపలు వేలం పాడే చోట నిలబడి అందరికీ చెప్పాను, "మా నూకాలప్ప కూతురు పదకొండు మందులు సేసింది, ఇంక మనకి పలాస ఎల్లక్కర్నేదు" అని. మీ అమ్మ అక్కడే ఉంది. మొహం ఎంత వెలిగిందో నువ్వు చూడాల్సింది.

ఉంటాను.
మావయ్య

*

హైదరాబాదు,
19 జులై 2024

మావయ్యా,

నీ ఉత్తరం చదివి ఓ పది నిమిషాలు తల పట్టుకుని కూర్చున్నాను.

మందులు కాదు! పదకొండు జీన్లు! నేను ఒక్క మందు కూడా కనిపెట్టలేదు. ఆ సూక్ష్మజీవిని ఎక్కడ కొడితే పడిపోతుందో పదకొండు చోట్లు తెలిశాయి, అంతే. కొట్టడానికి చేతిలో పుల్ల కూడా లేదు. ఆ చోటికి సరిగ్గా వెళ్ళి పట్టుకునే మందు కోసం ఇంకెవరో వేలకొద్దీ రసాయనాలు వెతకాలి. దొరికినవాటిని ఎలకల మీద చూడాలి. తర్వాత మనుషుల మీద. పదేళ్ళో పదిహేనేళ్ళో పడుతుంది. ఎక్కువశాతం మధ్యలోనే పోతాయి. ఈ పదకొండూ పోవచ్చు. అప్పుడు నా అయిదేళ్ళూ ఏట్లో కలిసినట్టే. ఈ మాట నాకు నేను చెప్పుకోడానికే ఎంత కష్టమో నీకు తెలీదు. నువ్వేమో పాట దగ్గర నిలబడి చాటింపేశావు! రేపే వెళ్ళి అదే చోట నిలబడి లేదని చెప్పు. దయచేసి చెప్పు.

లంగరు సంగతి నువ్వన్నది నిజమే. మేము వాటిని గాజు పళ్ళెంలో కడుపునిండా మేపుతూ చూస్తాం. పుండులో వాటి బతుకు వేరు. అక్కడ మాత్రమే ప్రాణమయ్యే జీన్లు వేరే ఉంటాయి. ఇదే ప్రశ్న మూడేళ్ళ కిందట మా గైడు వేసి, నా పట్టికంతా చింపించి మళ్ళీ చేయించారు. నువ్వు ముందే చెప్పి ఉంటే నాకో ఏడాది కలిసొచ్చేది. ఇంత బుర్ర పెట్టుకుని మాత్రలు పంచుతావేంటి?

సగం మందు వేసుకుంటే ఏమవుతుందో చెప్తాను. ముందు బలం లేనివి చస్తాయి, నొప్పి తగ్గుతుంది, నువ్వు మానేస్తావు. మొండివి మిగిలిపోతాయి. ఈసారి అవే పిల్లలు పెడతాయి. అప్పుడు ఆ మందు ఎన్ని వేసుకున్నా వాటికి లెక్కుండదు. పుండు పైకి మూసుకుపోయిందన్నావు. నాకు ఆ "పైకి" అన్న మాటే నచ్చలేదు.

అమ్మ గొంతు ఫోన్‌లో నీరసంగా ఉంది. అడిగితే జలుబంటోంది. ఓసారి చూసి రాయి.

ఇందు

*

వజ్రపుకొత్తూరు మండలం,
2 ఆగస్టు 2024

ఇందూకి,

మీ అమ్మని చూశాను. బాగానే ఉంది. జలుబే.

నా సంగతి రాస్తున్నాను. పుండు మళ్ళీ తెరుచుకుంది. బొటనవేలు నల్లబడింది. పాదం చెప్పులో పట్టడం లేదు. ఆ మాత్రలే మళ్ళీ కొని ఈసారి నువ్వు చెప్పినట్టు ఒక్కటీ ఎవరికీ ఇవ్వకుండా ఆరు రోజులు వేసుకున్నాను. ఏమీ తగ్గలేదు. పెద్దాసుపత్రికి పదమని గణేష్ రోజూ ప్రాణం తీస్తున్నాడు. జీడి ఫ్యాక్టరీలో సెలవు కూడా పెట్టాడట. నేను వెళ్ళను. ఎందుకు వెళ్ళనో కిందటి ఉత్తరంలో రాశాను.

నువ్వు మందు లేదన్నావు. నేను నమ్మలేదు. మనిషన్నవాడు అయిదేళ్ళు ఒక పని చేసి చేతిలో ఏమీ లేదంటే ఎవరు నమ్ముతారు? అనుమతి రాలేదేమో, పైవాళ్ళు ఒప్పుకోరేమో. సరే, అర్థం చేసుకోగలను. ఆ పదకొండులో ఒకటి బిస్కెట్ల డబ్బాలో పెట్టి పంపు. ఎవరికీ చెప్పను. ఎలకలకి ఇస్తారట, మావయ్యకి ఇస్తే ఏం పోయింది? చచ్చినా నీమీద మాట రానివ్వను, కావాలంటే కాగితం రాసిస్తాను.

లేదా మనసులో ఏమైనా పెట్టుకున్నావా? గణేష్‌ని చేసుకోనన్నప్పుడు నేను నాలుగు మాటలన్నాను, నిజమే. మేనరికం కాదంటే ఏ మావకి కోపం రాదు? వాడికి ఇప్పుడు పెళ్ళై పిల్ల కూడా పుట్టింది, నేను ఎప్పుడో మర్చిపోయాను. నువ్వు మర్చిపోలేదేమో. ఆ కోపం ఈ కాలు మీద చూపించకు. ఈ కాలు లేకపోతే నాకు వేట లేదు. వేట లేకపోతే నేనేం చేస్తానో నాకు తెలీదు.

మావయ్య

*

హైదరాబాదు,
8 ఆగస్టు 2024

మావయ్యా,

ఈ ఉత్తరం ఫొటో తీసి గణేష్‌కి పంపుతున్నాను. వాడు పలాసలో ప్రింటు తీసి ఈ రోజే నీ చేతిలో పెడతాడు. ఒక్క తిట్టు తగ్గినా తెలిసిపోతుందని వాడికి చెప్పాను.

మనసులో పెట్టుకున్నానా? నేనా? మందు చేతిలో పెట్టుకుని నీ కాలు కుళ్ళుతుంటే చూస్తున్నానని అనుకున్నావా? ఈ మాట ఇంకెవరన్నా ఈ జన్మలో మాట్లాడేదాన్ని కాదు. మూడు రోజులు నీకు ఉత్తరం రాయకూడదనే కూర్చున్నాను. గణేష్ నిన్ను బలవంతాన పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి చేయించిన చీము పరీక్ష రిపోర్టు నిన్న పంపాక ఆ పంతం కూడా పోయింది.

నీ పుండులో ఉన్నది మేమిక్కడ పెంచే జీవే. రిపోర్టులో పద్నాలుగు మందుల పేర్లున్నాయి. పన్నెండింటి పక్కన ఒకటే అక్షరం, పనిచెయ్యదని. ఒకటి సగం సగం. ఒక్క ఇంజెక్షన్ మాత్రం మిగిలింది. అది పాతకాలపు మందు, గట్టిది, దానికి కిడ్నీలంటే పడదు. అందుకే నీ కిడ్నీ ఏ స్థితిలో ఉందో చూడకుండా డాక్టరు ఆ ఇంజెక్షన్ పొడవడు. పొడవకూడదు కూడా. ఎంత ఇవ్వాలో, ఎన్ని గంటలకోసారి ఇవ్వాలో ఆ నెంబరును బట్టే కడతారు.

నువ్వు రక్తం తీసేచోట నిలబడి, "కాలు తీసీమను గానీ నెంబరు సెప్పొద్దను" అని ఇంటికి తిరిగొచ్చేశావట. గణేష్ ఏడుస్తూ చెప్పాడు. నీకు మతి ఉందా మావయ్యా? నెంబరు చెప్పకపోతే అది ఒంట్లో లేకుండా పోతుందా? నాన్నని చంపింది నెంబరు కాదు. చాలా ఏళ్ళుగా ఎవరూ చూడకపోవడం. ఆయన మంచం పట్టింది రోగం ముదిరినందుకు, మాట విన్నందుకు కాదు.

నా దగ్గర మందు లేదు. డబ్బాలో పెట్టి పంపడానికి లేదు, దాచడానికీ లేదు. నా దగ్గరున్నవి పదకొండు పేర్లూ కొన్ని గాజు పళ్ళేలూ. నీ కాల్లో ఉన్న జీవి గురించి ఈ దేశంలో బాగా తెలిసిన వంద మందిలో నేనొకదాన్ని, అయినా నీకు ఒక్క మాత్ర ఇవ్వలేను. ఇది రాస్తుంటే నాకు సిగ్గుగా ఉంది. భయంగా కూడా ఉంది. విషం రక్తంలోకి ఎక్కితే కాలు కాదు, నువ్వే ఉండవు.

ఇవాళ ఆసుపత్రిలో చేరకపోతే రేపు నేను రైలెక్కుతాను. వచ్చి రేవులో అందరి ముందూ నీ చొక్కా పట్టుకుని ఈడ్చుకెళ్తాను. చేస్తానని నీకు తెలుసు.

ఇందు

*

వజ్రపుకొత్తూరు మండలం,
1 సెప్టెంబరు 2024

అమ్మా ఇందూ,

ఇంటికొచ్చి నాలుగు రోజులైంది. ఆసుపత్రిలో ఉన్నంత కాలం ఫోన్ చేశావు, మాట్లాడాను, అవన్నీ మళ్ళీ రాయను. ఫోన్‌లో చెప్పలేనివి రాస్తున్నాను.

నా నెంబరు ఒకటి పాయింట్ తొమ్మిది. డాక్టరమ్మ చెప్పినప్పుడు కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి ఆవిడ అక్కడే ఉంది, నేనూ ఉన్నాను. ఇంజెక్షన్‌కి రెండున్నర దాటింది, మళ్ళీ కొంచెం దిగింది. చీము ఆగింది. బొటనవేలూ దాని పక్కదీ తీసేశారు. కాలు దక్కింది అని అందరూ సంతోషంగా ఉన్నారు. నేనూ ఉన్నాననే చెప్తున్నాను. నిన్న పొద్దున్న పడవ ఒడ్డున ఉండగానే అంచు మీద నిలబడి చూశాను. బొటనవేలు లేకపోతే మనిషి నిలబడలేడమ్మా. ఇన్నేళ్ళూ నన్ను నిలబెట్టింది ఆ వేలని నాకు తెలీదు. పవన్ పట్టుకోకపోతే పడేవాణ్ణి. ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకుని ఏడ్చాను. ఇంక వేటకి వెళ్ళను.

ఇప్పుడు అసలు సంగతి. మాత్రలు పడవ మీదివాళ్ళందరికీ పంచానని గణేష్‌కి చెప్పింది అబద్ధం. పవన్‌కిచ్చిన రెండు నిజం. మిగిలిన పదీ మీ అమ్మకిచ్చాను. అప్పకి జూన్‌లోనే చలిజ్వరం, ఒంటేలుకి వెళ్తే మంట. పాదాలు వాచాయి. డాక్టరు దగ్గరికి పదమంటే కాళ్ళు పట్టుకుంది. "మీ బావకి సెప్పినట్టు నాకూ సెప్తార్రా. ఇందుకి మాత్రం సెప్పకు, సదువు మానేసొచ్చెత్తాది" అని ఒట్టు వేయించుకుంది. తల్లి తర్వాత తల్లి, నేనేం చెయ్యను? నా మాత్రలు ఇచ్చాను. జ్వరం తగ్గింది, అయిపోయిందనుకున్నాను. నువ్వు ప్రతి ఉత్తరంలో ఆ పన్నెండు మాత్రల గురించి తిడుతుంటే, నోటిదాకా వచ్చింది మింగేశాను. జలుబని కూడా నేనే రాశాను.

ఇంటికొచ్చిన మర్నాడు కర్ర పట్టుకుని వాళ్ళింటికెళ్ళి, "అప్పా, నాను నా నెంబరు ఇన్నాను, సచ్చిపోనేదు, పద" అన్నాను. గణేష్ ఆటోలో తీసుకెళ్ళాడు. అప్ప నెంబరు నాలుగు పాయింట్ ఒకటి. ఇంకా రక్తం కడిగే మిషను మీద పెట్టక్కర్లేదన్నారు, ఎక్కువ దూరం లేదని కూడా అన్నారు. విని ఏడవలేదు. "ఇంతేనా" అంది.

నన్ను ఎన్ని తిట్లయినా తిట్టు. ఆవిణ్ణి మాత్రం ఏమీ అనకు.

ఒక్కటి అడుగుతాను. నువ్వూ ఇక్కడి నీళ్ళే తాగి పెరిగావు కదా. నీదెంత?

మావయ్య

*

హైదరాబాదు,
9 సెప్టెంబరు 2024

మావయ్యా,

నీ ఉత్తరం వచ్చి నాలుగు రోజులైంది. నిన్ను తిడుతూ మొదలుపెట్టిన కాగితాలు రెండు చింపేశాను.

నీదెంత అని అడిగావు. నాకు తెలీదు. అంటే, ఉత్తరం చదివేనాటికి తెలీదు. నా గది నుంచి రక్తపరీక్ష చేసేచోటికి వంద అడుగులుంటుంది. మా సంస్థలో ఏటా అందరికీ ఉచితంగా చేస్తారు. ఆరేళ్ళుగా ఆ రోజున నేను ఏదో ప్రయోగం మధ్యలో ఉంటాను. నాన్న పోయాక ఎంఎస్సీలో మా మేడం కిడ్నీ మీద పనిచెయ్యి, మీ ఊరి జబ్బే కదా అన్నారు. వద్దని పారిపోయి సూక్ష్మజీవుల మీద పడ్డాను. వాటితో నాకు చుట్టరికం లేదు. నీ ఉత్తరాల్లో నెంబరు మాట వచ్చినప్పుడల్లా అంత కోపం ఎందుకొచ్చిందో నాకిప్పుడు తెలుస్తోంది. "నెంబరు చెప్పకపోతే లేకుండా పోతుందా" అని నీకు రాసి, అది గణేష్‌కి పంపి, ఆ గది ముందునుంచే నడిచి ఇంటికి వెళ్ళాను.

ఇవాళ పొద్దున్న వెళ్ళి పరీక్షకి రక్తం ఇచ్చాను. సున్నా పాయింట్ ఎనిమిది. మామూలే. మెట్ల మీద కూర్చుని ఏడ్చాను, సంతోషంతో కాదు. నాన్న పోయిన నెలలోనే అమ్మని తీసుకెళ్ళి ఈ పరీక్ష చేయించి ఉంటే ఆవిడది కూడా ఇంత తక్కువే ఉండేదేమో. అప్పుడే మందులు మొదలుపెట్టేవాళ్ళం. నాకు తెలుసు, చదువుకున్నాను, ఎక్కడికి తీసుకెళ్ళాలో కూడా తెలుసు. అయినా ఆరేళ్ళూ "ఒంట్లో ఎలా ఉంది" అని అడిగి, "బాగుంది" అనగానే ఫోన్ పెట్టేశాను. అమ్మని పరీక్షకి తీసుకెళ్ళే పని నువ్వు రెండు వేళ్ళు పోగొట్టుకుని చేశావు.

శనివారం పొద్దున్న పలాసలో దిగుతున్నాను. నెల రోజులుంటాను, గైడుకి చెప్పాను. సోమవారం అమ్మని డాక్టరమ్మ దగ్గరికి నేను తీసుకెళ్తాను, ఏం చెప్తే అది పక్కన కూర్చుని వింటాను. అమ్మని ఏమీ అనను. నాకు చెప్పలేదని నేను ఆవిణ్ణి ఏ మొహం పెట్టుకుని అడగను?

ఇందు